జప్తు జాబితా

ఆదోనిలో పత్తి విత్తనాలమ్మే రుద్రప్పకు కేసు గెలిచినప్పటి నుంచీ కంటి మీద కునుకు లేదు. సోమవారం పొద్దున్నే మఠానికి వచ్చి చెన్నబసవస్వామి ముందు కూలబడ్డాడు.

పక్క దుకాణంలో హోటల్ నడిపిన ఈరన్నకు ప్రోనోటు మీద అరవై వేలిచ్చానని చెప్పుకొచ్చాడు. తీర్చేశానని ఈరన్న కోర్టులో మొత్తుకున్నాడు. నోటు వెనక డబ్బు ముట్టినట్టు చెల్లు రాసి లేదు. కోర్టు కాగితాన్నే నమ్మింది. డిక్రీ వచ్చిన మూడోనెల ఈరన్న గుండె ఆగి పోయాడు. మనిషి పోయినా డిక్రీ పోదు కాబట్టి అది ఇప్పుడు అతని భార్య గౌరమ్మ ఇంటి మీదికి వచ్చింది. రేపు సామాను జప్తుకు కోర్టు అమీనా వస్తాడు.

"ఏమేమి జప్తు చేయాల్నో డిక్రీదారే వేలు పెట్టి చూపించాలంట సామీ. నాకు చెయ్యి లేచేట్టు లేదు."

"అప్పు నిజమేనా?"

"కాగితముంది సామీ."

రేపు తనూ వస్తానన్నారు స్వామి.

రుద్రప్ప, ఈరన్న ఒకే రోజు ఆయన దగ్గర దీక్ష తీసుకున్నవాళ్ళు. దుకాణాల మధ్య గోడ దగ్గర మాటా మాటా పెరిగేదాకా ఒకే ప్లేటులో ఉగ్గాని తిన్నవాళ్ళు. కేసు నడిచిన రెండేళ్ళూ ఈరన్న ప్రతి సోమవారం మఠానికి వచ్చి ఓ మూల కూర్చునేవాడు. స్వామితో ఆ ఊసే ఎత్తలేదు.

మర్నాడు అమీనా, రుద్రప్పల వెంట స్వామి కూడా వచ్చి మెట్ల పైన నిలబడ్డారు. గౌరమ్మ తలుపు బార్లా తెరిచి పక్కకు నిలబడింది. అమీనా మర్యాదస్తుడు. వంట గిన్నెలూ కట్టుబట్టలూ ముట్టుకోనని ముందే చెప్పి, మిగతావి చూపించమన్నాడు. రుద్రప్ప వేలితోనే చూపించాడు. బీరువా, ఫ్రిజ్, నవారు మంచం. అమీనా ఒక్కొక్కదాన్నీ రాసుకుని, పక్కన వెల వేసుకుంటూ బయట పెట్టించాడు.

మంచం గడప దాటుతుంటే గౌరమ్మ నోరు విప్పింది. ఆమె గొంతులో కోపం లేదు. అదే రుద్రప్పకు మరీ కష్టంగా ఉంది.

"మఠం అరుగు మీద, సామి ముందర లెక్కపెట్టి ఇచ్చినాడు కదన్నా మా ఆయన. చెల్లు రాయమంటే నువ్వేమంటివి? సామి చూస్తుండంగా ఇచ్చినదానికి రాతలెందుకురా ఈరా అంటివి. సామిని సాక్షికి పిలిపిద్దామని వకీలు ఎన్నిసార్లు చెప్పినాడో. మా ఆయన ఒప్పుకోలే. సామిని బోనెక్కించి నేను గెలిచేదేముందే అన్నాడు."

రుద్రప్ప తల వాలిపోయింది. ఆ రోజు స్వామి జపంలో ఉన్నారని, చూసి ఉండరని ఇన్నాళ్ళూ తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఈరన్న స్వామిని పిలిపించడని కూడా అతనికి తెలుసు. కోర్టులో రూపాయి ముట్టలేదని చెప్పింది ఆ ధైర్యంతోనే.

స్వామి మెల్లగా మెట్లు దిగారు. వీధిలో పెట్టిన సామాను మధ్యకు వెళ్ళి, ఆ నవారు మంచం మీద కూర్చున్నారు.

"ఇంకొకటి రాసుకో నాయనా," అన్నారు అమీనాతో. "ఈరన్న డబ్బులిచ్చినపుడు కళ్ళు తెరుచుకునే ఉన్న ముసలోడు ఒకడు."

అమీనా కలం ఆగిపోయింది. ఏం చేయాలో తోచక రుద్రప్ప వైపు చూశాడు. రుద్రప్ప జేబులోంచి డిక్రీ నకలు తీశాడు గానీ, దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తెలియలేదు. పెట్టాల్సిన మనిషి లేడు. వీధిలోనే నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

స్వామి మంచం మీంచి లేవలేదు.

"వెల కూడా వేయాల కదా," అన్నారు. "ఎంతో రుద్రప్పనే చెప్పనీ."