మబ్బు పట్టిన పగలు నీడెందుకు పడదు

ఒకప్పుడు మబ్బు కమ్మితే పగలు కూడా చీకటే. మిట్టమధ్యాహ్నమైనా పక్కనున్న మనిషి కనబడేవాడు కాదు. కోళ్లు గూట్లోకి పోయి పడుకునేవి.

ఆ రోజుల్లో ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నూకరత్నం అనే జాలరి ఇల్లాలుండేది. మొగ పక్కన గుంజకు ఒక సోలారు దీపం కట్టి ఉండేది. పగలంతా దాని పలక ఎండ తాగేది. పొద్దుగూకితే దీపం వెలిగేది. వేటకు పోయిన పడవలు ఆ వెలుగు చూసుకుని, ఇసుకదిబ్బలు తప్పించుకుని లోపలికొచ్చేవి. ఆ దీపాన్ని కనిపెట్టుకుని ఉండడం నూకరత్నం పని.

ఒకసారి ఆమె మొగుడు సింహాచలం, మరిది పోలయ్య చెరో పడవలో వేటకెళ్లారు. వాళ్లటు వెళ్లగానే పెద్ద మబ్బొకటి వచ్చి కూర్చుంది. ఎంతకీ కదల్లేదు. పలకకు ఎండ లేదు.

నూకరత్నం దీపాన్నీ పలకనూ విప్పి ఇంట్లోకి తెచ్చింది. పలకను కిరసనాయిలు బుడ్డి ముందు పెట్టింది. బుడ్డి చమురంతా అయ్యేదాకా వెలిగింది. సోలారు దీపం మిణుకుమని కూడా అనలేదు.

“నా వెలుగు నీ అన్నం కంచం వరకే సరిపోద్దమ్మా,” అంది బుడ్డి. “ఇంకొకరు దాచుకునేంత నా దగ్గర లేదు.”

నూకరత్నం తడుముకుంటూ ఒడ్డుకెళ్లింది. మబ్బు అలలమీదికి వాలి ఉంది. కాస్త పక్కకు తొలగమని అడిగింది. మబ్బు ఒప్పుకోలేదు. మెట్ట ఊళ్లలో నారుమళ్లు ఎండిపోతున్నాయట. వాటికి నీళ్లు మోసుకెళుతూ, బరువుకు అలిసిపోయి ఆగిందట. కొంచెం సందిచ్చినా సూర్యుడు నీళ్లన్నీ తాగేస్తాడట.

నూకరత్నానికి కోపం రాలేదు. నారు ఎండడమూ చిన్న సంగతి కాదు. కాసేపు ఆలోచించింది.

“మేం ఎండుచేపల మీద పాత వల కప్పుతాం,” అంది. “గాలి లోపలికి పోద్ది, కాకి ముక్కు పోదు. నువ్వూ అలా అల్లుకో. వెలుగుని రానీ, ఎండని ఆపు.”

మబ్బు సరేనని తనను తాను వలలా అల్లుకోబోయింది. పైనుంచి సూర్యుడు అడ్డుపడ్డాడు. ఎండ లేకుండా ఉత్త వెలుగు పంపడం తనకు నామోషీ అన్నాడు. చాలాసేపు గొణిగి, చివరికి ఒక షరతు పెట్టాడు.

“వెలుగు తీసుకోండి. నీడ మాత్రం నా ఎండ వెంటే ఉంటుంది. ఎండ రాని చోటికి దాన్ని పంపను.”

నీడతో నూకరత్నానికి పనేముంది? ఒప్పుకుంది. తెల్లగా, పలచగా వెలుగు దిగింది. ఆమె ఇసుకలో నిలబడితే కాళ్లకింద నీడ పడలేదు. దీపాన్నీ పలకనూ మళ్లీ గుంజకు కట్టింది. పలక ఆ వెలుగుని గంజినీళ్లలా గుటక గుటకగా తాగింది.

పొద్దుగూకే వేళకు దీపం వెలిగింది. అన్నం ఉడికేంత సేపే. ఆ కాసేపట్లో సింహాచలం పడవ మొగలోకి వచ్చేసింది. పోలయ్య పడవ వెనకబడింది. అతను దగ్గరికొచ్చేసరికి దీపం ఆరిపోయింది. పడవ దిబ్బకు కొట్టుకుని పగిలింది. పోలయ్య ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు.

తెల్లారాక నూకరత్నం ఇంకాస్త వెలుగు ఇమ్మని మబ్బుని అడిగింది.

“ఇంతకన్నా పలచబడితే నారుకి నీళ్లు మిగలవు,” అంది మబ్బు.

నూకరత్నం పగిలిన పడవకేసి చూసింది. మబ్బుకేసి చూసింది. మరి అడగలేదు. మబ్బు బరువుగా లేచి మెట్టవైపు సాగిపోయింది.

అప్పటినుంచే మబ్బు పట్టిన పగలు వెలుగుంటుంది, నీడుండదు. సోలారు పలక ఆ వెలుగుని తాగుతుంది గానీ దాని కడుపు నిండదు.