నడుం లోతు

విరూపాక్షకి అబద్ధం చెప్పడం రాదు. అది అతనికి గొప్ప, ఆశ్రమంలో మిగతావాళ్లకి ప్రాణసంకటం. పప్పులో ఉప్పెక్కువైందా అని వంటాయన మాటవరసకి అడిగితే, "ఎక్కువైంది, నిన్న కూడా" అనేవాడు.

అలాంటివాడి మాట నమ్మి ఆ రోజు పొద్దున్నే ఒక మనిషి ప్రాణం పోబోయింది.

ఆశ్రమం నాగావళి ఒడ్డున ఉంది. అది పడవ లేని రేవు. దాటబోయేవాళ్లు దాటి వచ్చినవాళ్లని లోతెంత అని అడగడం, వాళ్లు తమ ఒంటిమీద చెయ్యి పెట్టి చూపించడం అక్కడ అలవాటు. విరూపాక్ష అవతలి ఒడ్డున పూలు కోసుకుని అప్పుడే ఇవతలికి వచ్చాడు. తలమీద బుట్టతో పోలమ్మ ఎదురైంది.

"ఎంత లోతుంది బావూ?"

తడిసిన పంచె మీద, నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "నడుం లోతే. వెళ్లమ్మా."

అతను ఆరడుగుల మనిషి. పోలమ్మ అతని భుజం దాకా కూడా రాదు.

నడి ఏట్లో నీళ్లు ఆమె గడ్డం తాకాయి. కాళ్లకింద ఇసుక జారింది. దగ్గర్లో గేదెల్ని కడుగుతున్నాయన చూశాడు కాబట్టి సరిపోయింది, జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చాడు. బుట్ట కొట్టుకుపోయింది. అందులో బాలింత కాబోయే కూతురికని చేసిన కాయం మందు ఉంది. పుట్టబోయే బిడ్డకని ఉతికి ఉతికి మెత్తబరిచిన పాత చీర గుడ్డలున్నాయి.

"నీ నిజం ఏట్లో కలవ!" అంది పోలమ్మ వణుకుతూనే. "అవతల మా గుంటకి నొప్పులొస్తన్నాయని కబురొచ్చింది. నాను తప్ప దానికి ఎవులున్నారు?"

వంతెన మీంచి చుట్టూ తిరిగి వెళ్తే రేపటికిగాని చేరదు. ఏట్లోకి దిగాలంటే ఇంక ఎవరి మాటా నమ్మదు. ఇసుకలో కూలబడి అవతలి ఒడ్డుకేసి చూస్తూ ఏడవసాగింది.

విరూపాక్ష గురువుగారి దగ్గరికి పరిగెత్తాడు. నిరంజనస్వామి చేట ముందేసుకుని మునగాకు దూస్తున్నారు.

"స్వామీ, నేను అబద్ధం చెప్పలేదు. నీళ్లు నా నడుం దాకానే వచ్చాయి."

"ఊఁ."

"ఆమె కూడా అబద్ధం చెప్పడం లేదు. ఆమెకి పీకల్లోతు."

"ఊఁ."

"సత్యం ఒక్కటే అని కదా మీరు నేర్పారు? ఇద్దరిదీ నిజమైతే ఎవరి నిజం వాళ్లదే అనుకోవాలి. మరి ఇన్నేళ్లూ నేను పట్టుకు వేళ్లాడింది దేన్ని?"

పాపం, పొగరుతో అడిగింది కాదది.

స్వామి చేట పక్కనపెట్టి లేచారు. "పద, చూద్దాం."

ఒడ్డున నిలబడి, "ఆమె మునిగిన చోటికి వెళ్లు" అన్నారు. విరూపాక్ష వెళ్లాడు.

"ఎంత లోతు?"

"నడుం లోతే స్వామీ!"

"మోకాళ్లమీద నిలబడు."

నిలబడ్డాడు. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. రోజూ దాటే ఏరే, అయినా ఆ హోరు అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. మోకాళ్లకింద ఇసుక జారిపోతోంది.

"ఇప్పుడెంత?"

జవాబు చెప్పబోయి నోరు తెరిచాడు. గుక్కెడు నీళ్లు లోపలికి పోయాయి. ఏదో ఒకటి పట్టుకుందామని చేతులు చాచాడు. అక్కడ పట్టుకోవడానికేమీ లేదు. దగ్గుతూ, భయంతో దిగ్గున లేచాడు. మళ్లీ నడుం లోతే.

"ఏరు పెరిగిందా?" అడిగారు స్వామి.

"లేదు స్వామీ."

"లేచే వీలు నీకుంది." ఆ ఒక్క మాటా అని స్వామి మునగాకు దగ్గరికి వెళ్లిపోయారు.

విరూపాక్ష ఒడ్డున ఏడుస్తున్న పోలమ్మకేసి చూశాడు. తర్వాత ఎగువకి కొంతదూరం నడిచి, మళ్లీ మోకాళ్లమీద నిలబడి, అలాగే అవతలికి దాటబోయాడు. సగంలో నీళ్లు ముక్కులోకి వచ్చాయి. వెనక్కొచ్చాడు. ఇంకొంచెం ఎగువకి వెళ్లాడు. అక్కడ గొయ్యి తగిలింది. మళ్లీ వెనక్కి.

"ఏటి సామీ, ఏటైనా పారేసుకున్నావా?" అని గేదెలాయన నవ్వాడు. విరూపాక్ష ఇంకా ఎగువకి నడిచాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒకచోట, ఏటవాలుగా వెళ్తే, దారి దొరికింది. అటొకసారి ఇటొకసారి మోకాళ్లమీదే దాటి చూసుకున్నాడు. మోకాళ్లు చీరుకుపోయాయి. అప్పుడు నీళ్లలోంచే కేకేశాడు.

"పోలమ్మా!"

ఆమె అంచుదాకా వచ్చి ఆగింది. చంకలో ఒక మూట ఉంది. బిడ్డకని ఈలోగా స్వామి తన పాత పంచెలు చింపి ఇచ్చి వెళ్లారు.

"ఎంత లోతుంది?"

విరూపాక్ష మోకాళ్లమీద ఉండే తన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించాడు.

"నీకా, నాకా?"

"నీకే అమ్మా."

పోలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. మోకాళ్లమీద ఉన్న మనిషి తల తన తలకి సరిసమానంగా ఉంటుందని అప్పుడు తెలిసినట్టుంది. మూట నెత్తిన పెట్టుకుని ఏట్లోకి దిగింది. అతను లేవకుండానే ముందు దారితీశాడు. నీళ్లు ఆమెకి ఎక్కడా రొమ్ము దాటలేదు.

సాయంత్రం స్వామి అతని మోకాళ్లకి పసుపు అద్దుతూ, "పొద్దున ఏదో అడిగావు, సత్యం ఒక్కటేనా అని" అన్నారు.

"ఆమె చేరింది స్వామీ," అన్నాడు విరూపాక్ష.