గొట్టంపేట అతుకులమ్మ కథ

అక్షతలు కుడిచేత పట్టుకొనుడు. పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొనుడు. పొయ్యిమీద పాలు పెట్టి వచ్చినవారు ఇప్పుడే పోయి దించి రండు. కథ నడుమ లేచినచో మరల మొదటినుండి చెప్పవలయును, చెప్పువానికి గొంతు ఒకటే.

పూర్వము కుశముని దేశాటనము చేయుచు, నల్లరేగడి చేలమీదుగా నడచి తంతుముని ఆశ్రమమునకు వచ్చెను. కాళ్లు కడుగుకొని, మజ్జిగ త్రాగి, ఇట్లడిగెను. “స్వామీ! దారిలో ఒక వింత చూచితిని. ఏరు లేదు, కోట లేదు, దేవుడు వెలసిన గుట్ట లేదు. చేల నడుమ ఇటుకల గొట్టమొకటి నిలిచియున్నది. దాని చుట్టు వరుసలు వరుసలుగా ఇండ్లున్నవి. ఒక ఇంటి యాస ఒక ఇంటికి కలియదు. అయినను ఒకరి పొయ్యి ఆరిన పక్కవారి నిప్పు అడిగి తెచ్చుకొనుచున్నారు. చుట్టరికము లేనివారికి, నీరు లేని చోట, ఊరెట్లు పుట్టెను? అది తెలిసికొననిదే నాకు ముందుకు అడుగు పడదు.”

తంతుముని నవ్వి, “గొట్టము ఎంత ఎత్తని అడిగినవారే గాని, దాని మొదట ఎవరున్నారని అడిగినవాడవు నీవొక్కడవే. అది అతుకులమ్మ మహిమ, వినుము” అని చెప్పనారంభించెను.

కరవు సీమలో ఒక పల్లెయందు తిరుపాలు అను నేతగాడు, వాని భార్య సుంకులమ్మ, వాని తల్లి ఉండిరి. సుంకులమ్మకు ప్రతిదియు తెలియవలయును. కుండ ఏల గుండ్రముగా నుండునని కుమ్మరిని, మందలో దూడ తల్లిని ఎట్లు పోల్చుకొనునని గొల్లను అడిగి అడిగి వారి పని చెడగొట్టెడిది. ఊరివారు ఆమెను అడుగుళ్ల సుంకి అనిరి. అత్తగారు మాత్రము, “అడిగే నోరు గుడ్డకు గంజి లాంటిది, బిర్రుగా నిలబెడుతుంది” అని సమర్థించెను.

అట్లుండగా రైలుబండి మీద మిల్లు బట్ట వచ్చెను. పలుచన, తెలుపు, చవుక. సంతలో తిరుపాలు చీరను తాకి చూచినవారే గాని కొన్నవారు లేరైరి. మగ్గము గుంటలో పిల్లి ఈనెను. ఆ పిమ్మట మిల్లు మేస్త్రీ పల్లెకు వచ్చి, మగ్గము తెలిసినవారికి పనియు, ఉండుటకు మిల్లువారి వరుస ఇండ్ల లైనులో ఇల్లును ఇత్తుమని చాటించెను. నోటికాడి కూడు లాగినవాడే కూటికి పిలిచిన, పోక చేయునదేమి? పోవుటకే నిశ్చయించిరి.

అత్తగారు కదలనని మొండికెత్తెను. బయలుదేరునప్పుడు ఆమె మగ్గము మీది ఆఖరి బట్టను కోసి, పోగులు దూర్చు అచ్చులో మిగిలిన పాత పడుగు కొసను, అనగా నిలువు పోగుల చివరను, అచ్చుతో సహా గుడ్డలో చుట్టి కోడలి చేత పెట్టెను. “ఇది అతుకులమ్మ. కొత్త పడుగును ఎప్పుడూ పాత కొసకే అతకాల. కొస లేని పడుగు నిలబడదు. ఏడాదికోసారి, కార్తీకంలో కొత్త పత్తి వచ్చే శుక్రవారం, వాడలో ప్రతి ఇంటి పోగూ తెచ్చి పాత కొసకు అతికి, కొర్ర పాయసం పెట్టు. ఏ ఇల్లూ విడువగాకు” అని చెప్పెను.

“పాత కొసకే ఎందుకత్తా?” అని సుంకులమ్మ అడిగెను.

“పోయేటప్పుడు గూడా అడుగుతావే! నువ్వే తెలుసుకో పో” అని ముసలామె కన్నీరు తుడుచుకొనెను. సుంకులమ్మ మూట నెత్తికెత్తుకొని, ఇంటి గడపను వెనుదిరిగి చూచి, ఇంకొక మారు ఇల్లు విడిచి మూట కట్టు గతి నాకు రాకుండుగాక అని మ్రొక్కుకొనెను. ఆమె కోరినది అదియొక్కటే. బంగారము కోరలేదు.

మిల్లు పొగగొట్టము చెంతకు చేరునప్పటికి ఆ చోటికి పేరైనను లేదు. లైను ఇండ్లకు సున్నపు తడి ఆరలేదు. మిల్లు కూత విని ఎద్దులు బెదరి పారిపోయెను. చేయి తాకకుండ కదురు తిరుగుట, మనిషి విసరకుండ అడ్డపోగు మోయు నాడె పరుగెత్తుట గోడ సందున చూచి సుంకులమ్మ నోరు తెరచెను. లోపల ఏమి తిరుగుచున్నదని మగనిని రోజూ అడిగెను. వాడు, “తోలు పట్టా తిరుగుతాది” అనెను. పట్టాను ఏది త్రిప్పుననెను. “ఆవిరి” అనెను. ఆవిరికి నిప్పు ఎవరు పెట్టిరనెను. “నీ నోటికే పెట్టాల!” అని తిరుపాలు ముసుగుదన్నెను.

కార్తీకము వచ్చెను. సుంకులమ్మ ఏ ఇంటిని విడువక ఇల్లిల్లు తిరిగి పోగులు తెచ్చి, అత్తగారిచ్చిన కొసకు అతికి, పాయసము నివేదించెను. ఆ యేట పత్తి బాగుగా వచ్చెను, మరమగ్గములు ఆగలేదు. లైనులో ప్రతి ఇంట అటకమీద ధాన్యము నిలిచెను. తిరుపాలునకు మంచి మగ్గములు దొరికెను. ఇల్లు నిలిచెను గదా అని సుంకులమ్మ మురిసెను.

కడుపు నిండిన పిమ్మట కండ్లు నెత్తికెక్కుట లోకములో ఉన్నదే. మరు కార్తీకమున నేతవారి ఆడవారు మాత్రమే గుంపుగా బయలుదేరిరి. పోగులు తీసికొనుచు గొట్టము నీడకు వచ్చిరి. అచట లైనులకు వెలుపల, మట్టి గోడల గుడిసెయందు తిమ్మక్క అను ముసలిది ఉండెడిది. మట్టి పని, రాతి పని చేసినది. ఆమె ఇంట నూలెక్కడిది? తన చీర కొంగునుండి ఒక పోగు లాగి, రెండు చేతుల పట్టుకొని వచ్చి నిలిచెను.

“మట్టి తట్ట మోసే చేతికి నూలు ముచ్చట ఏందమ్మా!” అని ఒకతె పకపక నవ్వెను. అందరు నవ్విరి. సుంకులమ్మ నవ్వలేదు గాని, పోగు తీసికొనను లేదు. గుంపులో ఒక్కతెయై చేయి చాచుటకు వెరచెను. తిమ్మక్క ఆ పోగును గుడిసె ముందరి రాతిమీద పెట్టి లోనికి పోయెను. గాలికి అది ఎగిరిపోయెను.

మరునాడే మిల్లులో పోగులు తెగనారంభించెను. అతికిన చోటనే తెగెను. ఒకటి అతుకునంతలో వేరొకటి తెగెను. మరమగ్గములు ఆగి ఆగి నడచెను. తిరుపాలు వ్రేళ్లు పుండ్లు పడెను. మేస్త్రీ తిట్టెను. మేస్త్రీని పైవాడు తిట్టెను. కడకు మిల్లు దొర, వీరికి పని రాదు, వచ్చే శుక్రవారము నాటికి మగ్గములు సరిగా నడువకున్న లైనులు ఖాళీ చేయించి వేరు సీమవారిని పిలిపింతుమని చెప్పి పంపెను. గోడలు ఎవరివో ఇండ్లును వారివే. ఉండువానిది మూట మాత్రమే.

 మరల మూటయా అని సుంకులమ్మ అనుకొనెను. ఆడవారందరు కలిసి మరల వ్రతము చేసిరి. పాయసములో నేయి పోసిరి. పోగులు తెగెను. మరల చేసి, కోడిని కోసిరి. పోగులు తెగెను. ఒకతె అతుకులమ్మకు కండ్లు లేవనెను. ఇంకొకతె సుంకులమ్మ తెచ్చిన కొసయే చెడ్డదనెను. తిరుపాలు విసిగి, “అచ్చును పొయ్యిలో పెట్టమ్మే, పీడ పోతాది” అనెను.

అచ్చును పొయ్యి దగ్గరకు తెచ్చి, ఆమె ఆగెను. కొత్త పడుగు పాత కొసకే అతకవలయును. మంచిది. కాని నా చేతనున్న కొస నా పల్లెది. ఈ ఊరికి పాత కొస ఏది? ఈ ప్రశ్న ఆమెకు ఇదివరకు తట్టలేదు. లోకములో అన్నిటిని అడిగినది, ఇది అడగలేదు.

వెంటనే లేచి పక్కింటికి పోయి, “అక్కా, మీరొచ్చేతలికి ఈడ ఎవరుండిరి?” అని అడిగెను. ఆ ఇల్లాలు, “మేమొచ్చేతలికి ఆ వడికే వాళ్లింట్లో పొగ ల్యాస్తాండె” అనెను. వడికే వారింటికి పోయెను. వారు, “మేమొచ్చేతలికి పత్తి ఏకే సాయెబులింట్లో పొగ ల్యాస్తాండె” అనిరి. అచటికి పోయెను. ఆ ఇంటి ముసలాయన మీసము దువ్వి, “మా కంటే ముందు బాయిలరు కాడ పనిచేసే వాళ్లు. పో బిడ్డా, వాళ్లనడుగు” అనెను. బాయిలరు వారింటికి పోయెను. ఆ ఇంటి ఆడది గొట్టము వంక చేయి చూపి, “మేమొచ్చేతలికి ఆ ముసల్దాని గుడిసెలో పొగ ల్యాస్తాండె. దానికి ముందు ఎవురూ ల్యారు, చేనే” అనెను.

సుంకులమ్మ గొట్టము వంకకు నడచెను. 

తిమ్మక్క గుడిసె ముందు రాయి మీద కూర్చుండి ఆకువక్క దంచుచుండెను. తలయెత్తలేదు. “ఏమ్మే, నూలు ముచ్చట అయిపాయనా?” అనెను.

“అవ్వా, నువ్వెప్పుడొస్తివి ఈడికి?”

“ఇప్పటికి అడిగితివా తల్లీ! ఇంగో కార్తీకం పోయినాక అడగకపోతివి.” అని దంచుట మానక చెప్పెను. ఇచట చేను తప్ప ఏమియు లేని నాడు తానును, మగడు పెద్దోబన్నయు పునాది త్రవ్వ వచ్చిరట. ఇటుక మీద ఇటుకయై గొట్టము లేచెను. కొన దగ్గరకు వచ్చునప్పుడు ఎక్కి పనిచేయు కర్రల సారవ కూలెను. పెద్దోబన్న దానితో కూలెను. అతనిని గొట్టము మొదటనే పూడ్చిరి. తోడి కూలివారు పని తీరి వెళ్లిపోయిరి. ఆమె మగని విడిచి పోనని గుడిసె వేసికొనెను. బాయిలరు తొలుత వెలిగించు నాడు వానపడి పుల్లలు చెమ్మగిల్లెను. అంటుకొనలేదు. అప్పుడు మేస్త్రీ పరుగున వచ్చి ఆమె పొయ్యి నిప్పు ఎత్తుకొనిపోయెను.

“ఆ నిప్పేనా అవ్వా, మిల్లంతా తిప్పుతాండేది?”

“మరి ఇంగేం నిప్పనుకొంటివి? ఇంద్రలోకం నుంచి దిగిండాదా?”

సుంకులమ్మకు ఆవిరికి నిప్పు ఎవరు పెట్టిరో తెలిసెను. పాత కొసకే అతకమన్న అత్తగారి మాటయు తెలిసెను. ఆమె ముసలిదాని కాళ్లకు మ్రొక్కి, ఒక్క పోగు ఇమ్మనెను. తిమ్మక్క, “ఇచ్చింటి గదా! రాతి మీద పెట్టింటి. ఎదుక్కో పో” అనెను. సుంకులమ్మ నిజముగనే వంగి, రాళ్ల సందుల, ముళ్ల కంపలయందు వెదకనారంభించెను. ప్రొద్దు నడినెత్తికి వచ్చెను. అరచేతులు గీచుకొనెను. చూచి చూచి తిమ్మక్క, “చాల్లే మే, లెయ్. అది యాడ దొరుకుతాది” అని కొంగునుండి ఇంకొక పోగు లాగెను. ఇచ్చు ముందు చేయి వెనుకకు తీసి, “నా చేతులు బండలు. పోగు గీరుకొని తెగుతాది” అనెను.

“నువ్వు పట్టుకో. అతికేది నేను” అని సుంకులమ్మ చెప్పెను.

శుక్రవారము ఉదయము గుడిసె మొదలుకొని లైను కొస వరకు పడుగు చాపించెను. నేతవారు గొణిగిరి. తిరుపాలు, “మన పడుగు ఆమె చేతికి యెట్లిస్తాం మే, ఊరు నవ్వదా?” అనెను. సుంకులమ్మ, “ఏ ఊరు? ఆమె లేకుంటే ఈడ ఊరు యాడిది నవ్వేకి?” అనెను. తిరుపాలు పడుగు రెండవ కొస పట్టుకొనెను. తిమ్మక్క గూటము వలె నేల పాతుకొని కూర్చుండెను. ఆమె కొంగు పోగుకు బాయిలరు వారింటి పోగు, దానికి సాయెబులింటి పోగు, దానికి వడికేవారి పోగు, అట్లు వచ్చిన వరుసలో ఇంటింటి పోగును అతికిరి. పల్లెనుండి తెచ్చిన కొసను సుంకులమ్మ తన వంతు వచ్చినప్పుడే అతికెను. తొలి పాయసము తిమ్మక్కకు పెట్టిరి. ఆమె తినుటకు ముందు ఒక ముద్ద గొట్టము మొదట పెట్టెను.

మిల్లు కూసెను. మరమగ్గములు కదలెను. పోగు తెగలేదు. మధ్యాహ్నమునకు తెగలేదు. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట తిరుపాలు ఇంటికి వచ్చి, పుండ్లు పడిన వ్రేళ్లు చూపి, “ఈ పొద్దు పనే ల్యాకపాయ వీటికి” అని నవ్వెను. లైనులు ఖాళీ కాలేదు. దొర మాత్రము, కొత్తగా తెప్పించిన నూనె వలన మగ్గములు దారికి వచ్చెననుకొనెను. అనుకొననిండు. ఆయన పేరు ఇప్పుడు ఎవరికి జ్ఞాపకమున్నది? ఊరికి గొట్టంపేట అని పేరు నిలిచెను. సుంకులమ్మ మరల మూట కట్టలేదు.

కుశముని విని, “స్వామీ, ఈ వ్రతము ఎవరెవరు చేయదగును?” అని అడిగెను. తంతుముని చెప్పెను. పుట్టిన ఊరు విడిచి వచ్చినవారు చేయవలయును. అద్దె ఇంట, లైను ఇంట, పరుల గోడల నడుమ నుండువారు చేయవలయును. కొత్త కోడండ్రు, చేతి పని పోయినవారు, కట్టుకొన్న మిల్లు మూతపడి తాళము చూచుచు కూర్చున్నవారు తప్పక చేయవలయును. చేసినవారికి ఇల్లు నిలుచును, పక్కింటి నిప్పు దొరుకును, తెగినది అతుకును. మిల్లు మరల తెరచునా అని అడుగవలదు, అది అతుకులమ్మ చేతిలోనిది కాదు. పాయసము ఎంత తియ్యగా నున్నను, తమ కంటె ముందు ఆ నేలమీద ఎవరి పొయ్యి వెలిగెనో అడిగి తెలిసికొననివారికి ఫలము దక్కదు.

ఇంతటితో కథ పూర్తియైనది. అక్షతలు మొదట గొట్టము వంకకు చల్లి, పెద్దోబన్నను, తిమ్మక్కను తలచుకొనుడు. మిగిలినవి తలపై వేసికొనుడు. పాయసము తొలి గిన్నె ఇచటికి అందరికంటె ముందు వచ్చిన ఇంటికి పంపుడు. ఆ ఇల్లు ఏదో తెలియనివారు గిన్నె చేత పట్టుకొని, అడుగుచు పొండు.