ఆకు కట్టిన ముంత

పొద్దు అప్పుడే పొడిచింది. గాలి లేదు. ఎండ మాత్రం మొహమాటం లేకుండా చురుక్కుమంటోంది.

కొండకింద దొడ్డిలో మేక ఓబులమ్మ తోడు ముంత కడుగుతోంది. మరుగునీళ్లు పోసి, తిప్పి, పారబోసి, ఎండలో బోర్లించింది. ఎవరూ పెరుగు ముట్టకముందే రేపటి తోడు వేరే గిన్నెలోకి తీసి పెడుతుంది. దానికో గరిటె. ఆ గరిటె ఇంకెందులోనూ పడదు.

"ఇంత చాదస్తం ఎక్కడా చూళ్లేదే మరదలా!" అని గేదె బుడ్డెమ్మ రోజూ నవ్వుతుంది.

ఓబులమ్మ ఆ గరిటెను మళ్లీ కడుగుతుంది. పోయిన ఎండాకాలం ఎవరి ఎంగిలో తగిలి తోడు చెడింది. ఆ పెరుగు తాగి కొండెక్కిన కడగొట్టు పిల్ల మళ్లీ దిగలేదు. నాలుగు పిల్లల తల్లికి మూడే మిగిలాయి.

ఆ పూటే నక్క రంగనాయకులు దిగాడు. నడుముకు గరిటె. మూతికి రాత్రి తిన్న పందికొక్కు వెంట్రుకలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"సింహందొర నన్ను తోడు తనిఖీకి వేశారు. నేను రుచి చూసి మోదుగాకు కట్టిందే మంచి ముంత. ఆకు లేనిదాన్ని బండకేసి కొట్టేయడమే!"

బుడ్డెమ్మ తోడులో గరిటె ముంచాడు. చప్పరించాడు. "బేష్!" ఆ గరిటె నాకి, ఎద్దు బసివయ్య తోడులో ముంచాడు. మొదటిసారి నాలుకకు సరిగ్గా అందలేదట, మళ్లీ ముంచాడు.

"వదినా, గరిటె చూడు. నాకిందే ముంచుతున్నాడు," అంది ఓబులమ్మ మెల్లగా.

"ఉష్! దొరగారు పంపినవాడు." బుడ్డెమ్మ తన ఆకును అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటోంది. "బసివన్నా, నీ ఆకు కంటే నాదే పెద్దది కదూ?"

ఓబులమ్మ వంతు వచ్చింది.

"అయ్యా, గరిటె ఓసారి మరుగునీళ్లలో..."

"ఏమే! నా నోరు నీకు ఎంగిలా?"

"అందరి నోరూ ఎంగిలేనయ్యా. నాది కూడా."

"ముంత పగలగొట్టమంటావా?"

ఓబులమ్మ తల వంచుకుని లోపలికి పోయింది. అసలు తోడు గిన్నెను గడ్డిలోకి తోసేసి, తినే పెరుగు ముంత తెచ్చి ముందు పెట్టింది. రంగనాయకులు సగం ముంత "రుచి" చూసి ఆకు కట్టాడు.

సాయంత్రం బుడ్డెమ్మా, బసివయ్యా ఆ ఎంగిలి తోడే పాలలో వేసుకున్నారు. తెల్లారేసరికి ఆకు కట్టిన ముంతలన్నీ కంపు. పెరుగు జిగురులా సాగుతోంది.

"అయ్యో, నా దూడ!" బుడ్డెమ్మ గొల్లుమంది. "చూసుకోకుండా రెండు గుక్కలు తాగి, నీ పిల్లలతో కొండెక్కేశాడే ఓబులమ్మా!"

ఓబులమ్మ వాకిట్లోకి ఉరికింది. పిలుద్దామంటే కొండమీద ఎవరూ కనబడలేదు.

గోల విని రంగనాయకులు వచ్చాడు. వస్తూనే ఓబులమ్మను చూపించాడు. "చూశారా? నాకు నీతులు చెప్పిందే, దీని ముంతలోంచే కంపు పాకి ఉంటుంది!"

"అయ్యుండొచ్చయ్యా," అంది ఓబులమ్మ. "మళ్లీ మీ నాలుకే తేల్చాలి." ముంతలన్నీ తెచ్చి వరసగా పెట్టింది. "మీరు బేష్ అన్నవే ఇవన్నీ. తాగితే ఆకు నిజం. తాగకపోతే ఆ మాట మేమే దొరకు చెప్పుకుంటాం."

రంగనాయకులు పారిపోను దారి వెతుక్కున్నాడు. దారిలో బసివయ్య కొమ్ములు వంచి నిలబడ్డాడు.

"మొదట నాది తాగండి. నిన్న రెండుసార్లు నచ్చింది కదా."

రంగనాయకులు కళ్లు మూసుకుని మింగాడు. రెండో ముంత కూడా మింగాడు. మూడోదాని దగ్గర "బే..." అన్నాడు. "ష్" రాలేదు. కడుపు పట్టుకుని ముళ్లపొదల్లో పడ్డాడు. గరిటె అక్కడే వదిలేశాడు. మళ్లీ దానికోసం రాలేదు.

ఓబులమ్మ గడ్డిలోంచి గిన్నె తీసింది. "తలా కాస్త ఇస్తా. ఎవరి గిన్నె వాళ్లు మరుగునీళ్లతో కడిగి తెచ్చుకోండి."

"నిన్ననే గట్టిగా చెప్పొచ్చుగా!" అంది బుడ్డెమ్మ, ఏడుస్తూనే.

"చెప్పాను వదినా. నువ్వు ఆకు కొలుచుకుంటున్నావు."

ముంతకు కట్టిన ఆకును కాదు, ముంతలో మునిగే గరిటెను చూడాలి.

పొద్దు వాలింది. గాలి ఇంకా లేదు. ఓబులమ్మ దొడ్డి వాకిట్లో నిలబడి కొండదారినే చూస్తోంది. పక్కనే బుడ్డెమ్మ కూడా.

ఒకటి. పెద్దది.

రెండు. నడిపిది.

చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత మూడోది కనబడింది, మెల్లగా, వెనక్కి తిరిగి ఎవరినో పిలుస్తూ. దాని వెనక తూలుతూ, నీరసంగా, బుడ్డెమ్మ దూడ.

"నాలుగు," అంది ఓబులమ్మ.