లెక్కపెట్టని వేళ్ళు

అనగా అనగా, ఇప్పుడున్న ఊళ్ళేవీ పుట్టకముందు, రత్నగండి అనే రాజ్యాన్ని గజపాలుడనే రాజు ఏలేవాడు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉదయసేనుడు, నడిపివాడు మణిసేనుడు, చిన్నవాడు కువలయుడు. పెద్దవాడికి నోటి దురుసు, నడిపివాడికి పట్టుదల, చిన్నవాడికి నిద్ర. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పొద్దు బారెడెక్కినా కువలయుడు లేచేవాడు కాదు. ఆ కోటలో వాడితో సమానంగా నిద్రపోయేది ఒక్క బూడిదరంగు పిల్లి. ఇద్దరిదీ ఒకటే మంచం.

ఒకనాడు తంద్రాముఖుడనే మాంత్రికుడు కొలువుకు వచ్చాడు.

"రాజా, నేను కలలు అమ్ముతాను. ఎలాంటి కల కావాలంటే అలాంటి కల" అన్నాడు.

ఉదయసేనుడు ఊరుకోవచ్చుగా! "కలలు అమ్ముకు బతికేవాడివి, మెలకువలో నీ చేత ఏమవుతుందయ్యా?" అని పకపకా నవ్వాడు. కొలువంతా నవ్వింది. మాంత్రికుడు మాత్రం నవ్వలేదు. నేరుగా వెళ్ళి ఉదయసేనుడి కళ్ళమీద ఉఫ్‌మని ఊదాడు. నిలుచున్న రాజకుమారుడు నిలుచున్నట్టే కూలబడి నిద్రలోకి జారిపోయాడు.

"నా ప్రాణం ఏడు సముద్రాల అవతల, గాజుమేడలో, చిలకలో ఉంది. మూడేళ్ళలోగా ఆ చిలకను చంపితే వీడు లేస్తాడు. లేదంటే, ఇక ఎప్పటికీ లేవడు" అని చెప్పి తంద్రాముఖుడు మాయమైపోయాడు.

వైద్యులు వచ్చారు, ముక్కులో నస్యం ఊదారు. మంచం పక్కనే భేరీలు మోగించారు. ఊరంతా లేచింది గాని ఉదయసేనుడు లేవలేదు.

మణిసేనుడు ఓడ కట్టించాడు. రేవులో తండ్రి కాళ్ళకు మొక్కి, "చిలకను చంపి అన్నయ్యను లేపేదాకా మీకు మొహం చూపించను నాన్నగారూ" అన్నాడు. కువలయుడు తానూ వస్తానన్నాడు. రాజు ఒప్పుకోలేదు, ఒక్కడైనా కళ్ళముందు ఉండాలన్నాడు. మణిసేనుడు తమ్ముణ్ణి దగ్గరికి తీసుకుని, "అన్నయ్యను చూస్తూ ఉండరా చిన్నా. మరీ ఎక్కువ నిద్రపోకు" అని నవ్వాడు. ఓడ కదిలి వెళ్ళిపోయింది. ఏడాది గడిచినా కబురు లేదు.

కువలయుడు రోజూ అన్న మంచం పక్కన కూర్చునేవాడు. ఆ ముగ్గురినీ ఉయ్యాలలూపి పెంచిన ముసలి దాది పైడమ్మ ఒకరోజు అతన్ని పిలిచి చూపించింది.

"ఆ రెప్పల కింద చూడు నాయనా. కళ్ళు ఎలా కదులుతున్నాయో! కలగంటున్నాడు. కలలమ్మేవాడు తన ప్రాణాన్ని తీసుకెళ్ళి మెలకువలో దాచుకుంటాడా? ఆ ఏడు సముద్రాలూ కలలోవే. మీ చిన్నన్నయ్య ఓడేసుకుని ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో, పిచ్చి నాయన."

"అయితే నేను వెళతానవ్వా. నిద్రపోవడం నాకు బాగా వచ్చిన విద్యేగా!"

"నిద్ర అందరికీ వస్తుందిలే. కలలో ఉండి, ఇది కల అని తెలుసుకోవడం రావాలి. ఉయ్యాల దగ్గర అరవై ఏళ్ళు కాపలా కాసినదాన్ని, నాకు తెలిసిన విద్యలు మూడున్నాయి. రోజూ చెయ్యాలి, ఒక్క రాత్రి మానినా మళ్ళీ మొదటికొస్తుంది. చేస్తావా?"

"చేస్తాను."

మొదటి విద్య, కలను జారిపోనివ్వకుండా పట్టుకోవడం. "మెలకువ రాగానే కళ్ళు తెరవకు, ఒళ్ళు కదల్చకు. కల తోక కొసైనా చేతిలో ఉంటుంది. దాన్ని పట్టుకుని మెల్లిగా లాగు" అంది పైడమ్మ. తెల్లవారుజామున ఆమె మనవరాలు చంద్రవంక వచ్చి మంచం పక్కన కూర్చునేది. అతను కళ్ళు మూసుకునే చెప్పేవాడు, ఆ పిల్ల వినేది. మొదట్లో "ఏదో ఏనుగు... అంతే" అనేవాడు. నలభై రోజులయ్యేసరికి ఆ ఏనుగు ఏ వీధిలో నడిచిందో, మావటివాడు ఏం పాడాడో కూడా చెప్పగలిగాడు.

రెండో విద్య, వేళ్ళు లెక్కపెట్టడం. "పగలు ఏ గడప దాటినా ఆగి, నీ చేతి వేళ్ళు లెక్కపెట్టుకో. ఎదుటివాడు మాట్లాడితే వాడి వేళ్ళూ లెక్కపెట్టు. అలవాటైతే కలలోనూ లెక్కపెడతావు. కలలో వేళ్ళు ఎప్పుడూ ఐదుండవు. కానీ నాయనా, పగటి లెక్క మాత్రం ఎన్నడూ మానకు" అంది. కువలయుడు వంటింటి గడప దగ్గర లెక్కపెట్టాడు, కొలువు గడప దగ్గర లెక్కపెట్టాడు, స్నానాల గది గడప దగ్గర కూడా లెక్కపెట్టాడు. మంత్రిగారు దణ్ణం పెడితే ఆయన వేళ్ళూ లెక్కపెట్టాడు. చిన్నదొరకు మతి చలించిందని కోటంతా చెవులు కొరుక్కుంది.

ఒక రాత్రి కలలో ఏదో గడప దాటుతూ చెయ్యి చూసుకుంటే ఏడు వేళ్ళున్నాయి! "ఓహో, ఇది కల!" అన్నాడు. ఆ సంతోషానికి వెంటనే మెలకువ వచ్చేసింది.

అందుకే మూడో విద్య. "కలలో సంతోషం పాలలా పొంగుతుంది. పొంగితే పొయ్యి ఆరిపోయినట్టే. అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకో, నేలవైపు చూడు" అంది పైడమ్మ. ఇది నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది. ఎన్ని రాత్రులు అరిచి లేచి కూర్చున్నాడో చంద్రవంకకే తెలుసు.

చివరికి ఒక రాత్రి, కలలో చేతులు రుద్దుకుని నిలదొక్కుకున్నాడు. పక్కనుంచి ఎవరో అన్నారు, "వచ్చావా దొరా? ఇన్నేళ్ళుగా ఒకే మంచం మీద పడుకుంటున్నాం, ఒక్కసారి పలకరించిన పాపాన పోలేదు!"

చూస్తే, బూడిదరంగు పిల్లి!

"నీకు మాటలొచ్చా?"

"ఇక్కడ వచ్చు. అక్కడ మ్యావ్ తప్ప రాదు. పద, సముద్రాల దారి నాకు తెలుసు. రోజంతా నిద్రపోయేది ఊరికే అనుకున్నావా?"

మొదటి సముద్రం పాలలా ఉంది, రెండోది తేనెలా, మూడోది సిరాలా నల్లగా. కువలయుడు కలలోనే గాలిలోకి లేచి, పిల్లిని భుజాన వేసుకుని, రాత్రికొక సముద్రం దాటాడు. మూడో సముద్రం ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నారు. నడిపి అన్న మణిసేనుడు!

"తమ్ముడూ, దాహంగా ఉంది. కాసిని నీళ్ళియ్యరా" అన్నాడు.

కువలయుడికి ప్రాణం లేచొచ్చింది. లెక్కా లేదు, జమా లేదు. చెంబు తెచ్చి దోసిట్లో నీళ్ళు పోశాడు. ఆ నీళ్ళు పెరిగి, కెరటమై, అతన్ని ఒక సముద్రం వెనక్కి విసిరేశాయి. ఒక రాత్రి ప్రయాణం వృథా అయింది.

"వాడు మాంత్రికుడు పంపిన బొమ్మ. వేళ్ళు చూసుకోవద్దూ?" అని పిల్లి విసుక్కుంది.

అయిదో సముద్రం దగ్గర మళ్ళీ అన్న కనిపించి నీళ్ళడిగాడు. ఈసారి లెక్కపెట్టాడు. ఆరు వేళ్ళు. "నువ్వు కలవి, పో!" అన్నాడు. బొమ్మ పొగలా పోయింది. ఆరో సముద్రం దగ్గర మళ్ళీ అదే. ఈసారి లెక్కపెట్టే శ్రమ కూడా తీసుకోలేదు. "నువ్వు కలవి, పో!" అన్నాడు, పోయింది.

ఎంత తేలికో చూశారా! అలా తేలికైనప్పటి నుంచే కువలయుడు పగటి లెక్క మానేశాడు. ఇంత నేర్చినవాడికి ఇంకా గడపల దగ్గర వేళ్ళు లెక్కపెట్టడమేమిటని నవ్వుకున్నాడు. పైడమ్మ అడిగితే, "చేస్తూనే ఉన్నానవ్వా" అని అబద్ధం కూడా ఆడాడు.

ఇక మిగిలింది ఏడో సముద్రం. గడువుకు ఇంకా నెలరోజులుంది. ఆ మధ్యాహ్నం భోంచేసి, రాత్రి ప్రయాణం గురించి ఆలోచిస్తూ, పెరటి వసారాలో ఉయ్యాలబల్ల మీద కువలయుడు నడుం వాల్చాడు. కునుకు పట్టీపట్టనట్టుగా ఉంది. పెరటి తలుపు కిర్రుమంది. గడప అవతల మణిసేనుడు నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగి, ఎండకు కమిలిపోయి, భుజాన చిరిగిన కండువాతో ఉన్నాడు.

"తమ్ముడూ," అన్నాడు. "కాసిని నీళ్ళియ్యరా."

పిల్లి లేచి వెళ్ళి అతని కాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంది. మ్యావ్ అంది.

"నువ్వు కలవి, పో!" అన్నాడు కువలయుడు. అని, అటు తిరిగి పడుకున్నాడు.

తర్వాత తలుపు మెల్లిగా దగ్గరికి వేసిన చప్పుడైంది.

కాసేపటికి చంద్రవంక వెలుపలి నుంచి పరుగున వచ్చింది. "చిన్నదొరగారూ! మీ నడిపి అన్నగారేమిటి, అలా ఏడుస్తూ రేవుకేసి వెళ్ళిపోతున్నారు? పిలిచినా తిరిగి చూడలేదు!"

కువలయుడు చెయ్యి చూసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఐదు. పిల్లి తలుపు దగ్గర కూర్చుని మ్యావ్ అంటోంది. కలలో అయితే మాట్లాడేది కదా, మ్యావ్ అంటుంటే ఎందుకు పట్టించుకోలేదు!

చెప్పులు కూడా లేకుండా రేవుకు పరుగెత్తాడు. ఓడ అప్పటికే గవ్వంత అయిపోయింది. "చిన్నన్నయ్యా!" అని గొంతు చినిగేలా అరిచాడు. గాలి ఎదురు కొడుతోంది. రేవులో వలలు బాగుచేసుకునే ముసలాయన చెప్పాడు, "పాపం, చిలక దొరకలేదట బాబూ. రాజుగారికి మొహం చూపించలేక పెరటిదారిన వెళ్ళాడు. ముందు తమ్ముణ్ణి చూస్తాను, వాడు రమ్మంటే నాన్నగారి దగ్గరికి వెళతానన్నాడు."

వాడు రమ్మంటే! కువలయుడు ఆ ఇసుకలో కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రమే రాజు పడవలు పంపాడు. ఆ రాత్రే కువలయుడు ఏడో సముద్రం దాటాడు. అన్న బొమ్మ మళ్ళీ ఎదురొచ్చింది. ఈసారి పొమ్మనలేక, కళ్ళు మూసుకుని, ఏడుస్తూ దాటిపోయాడు. గాజుమేడలో చిలక పంజరంలో ఊగుతోంది. "చంపకు, ఎలాంటి కల కావాలన్నా ఇస్తాను! మీ అన్న తిరిగొచ్చే కల కావాలా?" అని చిలక మాంత్రికుడి గొంతుతో బతిమాలింది. కువలయుడి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పిల్లి ఆగలేదు. ఒక్క దూకు దూకింది, అంతే. చిలకా పోయింది, తంద్రాముఖుడూ పోయాడు.

తెల్లవారేసరికి ఉదయసేనుడు ఆవులిస్తూ లేచి కూర్చున్నాడు. కోటంతా పండగ. రాజు ఏడ్చాడు, నవ్వాడు. పెద్దకొడుకు చుట్టూ చూసి అడిగిన మొదటి మాట, "నడిపివాడేడిరా?"

కువలయుడు అన్నీ చెప్పాడు. ఏదీ దాచలేదు. "నీళ్ళిస్తే ఒక సముద్రం వెనక్కి పోతానని భయపడ్డాను అన్నయ్యా. నిన్ను లేపాలన్న తొందరలో..." అన్నాడు.

ఉదయసేనుడికి నోటి దురుసని చెప్పానుగా. ఆ రోజు మాత్రం మెల్లిగానే అన్నాడు. "పోతే పోయేదిరా ఒక సముద్రం. నేను ఇంకో రాత్రి పడుకునేవాణ్ణి."

ఆ మాట తర్వాత కువలయుడు మూడు రోజులు అన్నం ముట్టలేదు.

పడవలు ఏడేళ్ళు వెతికాయి. మణిసేనుడి ఓడ ఎవరికీ కనిపించలేదు. ఉదయసేనుడు సింహాసనం వద్దన్నాడు. రేవులోనే ఇల్లు కట్టుకుని, వచ్చిన ప్రతి ఓడకూ ఎదురెళ్ళేవాడు. కువలయుడు రాజయ్యాడు. తన కలలన్నీ విన్న చంద్రవంకనే పెళ్ళాడాడు. పిల్లలు పుట్టారు, పంటలు పండాయి, నలభై ఏళ్ళు చల్లగా ఏలాడు. ఆయన రాజ్యంలో ఒక వింత ఆచారం ఉండేది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు చెంబెడు నీళ్ళిచ్చాకే నువ్వెవరని అడగాలి. దొంగైనా సరే. ఈ ఆచారం ఎందుకు పుట్టిందో అడిగితే రాజు లోపలికి వెళ్ళిపోయేవాడు.

రాత్రిళ్ళు మాత్రం ఆయనకు వచ్చిన విద్య పోలేదు. రోజూ కలలో అదే పెరటి వసారా కట్టుకునేవాడు, అదే తలుపు, అదే గడప. అన్న వచ్చేవాడు. చెంబుతో నీళ్ళిచ్చేవాడు. అన్న తాగేవాడు. తాగుతున్నప్పుడు ఆ చేతికేసి చూస్తే ఆరో, ఏడో వేళ్ళు కనిపించేవి. చూడకూడదనుకున్నా చూసేవాడు, అలవాటైపోయింది మరి. "నేర్చుకున్నది మరిచిపోయే విద్య ఏదైనా ఉందా అవ్వా?" అని పైడమ్మను ఆమె పోయేముందు అడిగాడు. ఆ ముసలిది తల అడ్డంగా ఊపి, అతని చెయ్యి నిమిరింది.

జుట్టు పండి, చూపు తగ్గి, ఒక చలికాలం కువలయ మహారాజు మంచం పట్టాడు. ఆఖరి రాత్రి కూడా కల వచ్చింది. తలుపు కిర్రుమంది. గడప అవతల అన్న నిలబడి ఉన్నాడు, గడ్డం పెరిగి, ఎండకు కమిలిపోయి.

"తమ్ముడూ, కాసిని నీళ్ళియ్యరా."

"లోపలికి రా అన్నయ్యా. నాన్నగారు నీకోసమే చూస్తున్నారు" అన్నాడు కువలయుడు. పెద్ద చెంబు, అంచుదాకా నీళ్ళు. తొణకకుండా రెండు చేతులా పట్టుకుని, అన్న మొహంలోకే చూస్తూ గడపదాకా నడిచాడు.

ఆ రాత్రి ఆయన వేళ్ళు లెక్కపెట్టలేదు.