పొలిమేర రాయికి అవతలి సాక్షి

ఒకానొక రాజ్యంలో (పేరు చెప్పను, చెబితే మీరు కథ వదిలేసి ఫోనులో దాని పటం వెతుకుతారు) ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. మంచివాడే. కాకపోతే దేనిలోనైనా తానే మొదటివాడు కావాలి. అది కుదరకపోతే తానే చివరివాడు కావాలి.

ఆయన చేసిన మంచిపని ఒకటి ముందే చెప్పేస్తాను, తరవాత మరిచిపోతాను. మొగలిపాడు, ఈతలూరు అని పక్కపక్క ఊళ్ళు. వీళ్ళు నాటిన పొలిమేర రాయిని వాళ్ళు పెళ్ళగించి ఇటు జరిపేవారు. వాళ్ళు నాటితే వీళ్ళు అటు జరిపేవారు. మధ్యలో తలలు పగిలేవి. రాజు విసిగిపోయి శాసనం వేయించాడు: "పొలిమేర రాయి నాటేటప్పుడు ఇవతలివాడొకడు, అవతలివాడొకడు దానిమీద చెయ్యి వేసి ఒప్పుకోవాలి. ఒంటిచేత్తో నాటిన రాయి చెల్లదు." దాంతో కొట్లాటలు ఆగాయి. ఈ శాసనం కాస్త గుర్తుంచుకోండి.

ఇక అసలు సంగతి. ఆస్థాన జ్యోతిష్కుడు విరూపాక్ష సోమయాజి గ్రహణం ఎప్పుడు పడుతుందో గుణించి చెప్పాడు. చెప్పిన ఘడియకే పట్టింది, చెప్పిన ఘడియకే విడిచింది. ఊరంతా నోరు తెరిచింది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు సోమయాజే గాని, పైకి కనబడనివ్వలేదు. మర్నాడు నిండుకొలువులో శాలువా సర్దుకుని లేచాడు.

"మహారాజా! ఆకాశం కూడా మన లెక్కకు లొంగింది. మానవ మేధకు ఇదే ఆఖరి మెట్టు. ఇక మిగిలిందంటారా, అది మనిషికి ఎన్నటికీ తెలియరానిది."

రాజు సింహాసనం అంచుకు జరిగాడు. "అంటే, జ్ఞానం నా ఏలుబడిలో పూర్తయిందంటావా?"

"తమ ఏలుబడిలోనే ప్రభూ. నిన్న సాయంత్రం."

ఇలాంటి మాట నేనూ ఒకసారి విన్నాను. మా కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు ఒకాయన బోర్డు మీద నిలువునా గీత గీసి, "యంత్రం కూడుతుంది, హెచ్చవేస్తుంది. మనిషితో చదరంగం ఆడి గెలవడం మాత్రం ఈ గీతకు అవతల!" అన్నారు. మేమందరం శ్రద్ధగా రాసుకున్నాం. తరవాతి పీరియడుకు లెక్కల మాస్టారు వచ్చి, గీత ఎవరిదో కూడా అడక్కుండా డస్టరుతో తుడిచేశారు. సరే, రాజు దగ్గరికి వద్దాం.

రాజు ఆనందం పట్టలేక అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. కోట ముందు మైదానంలో జ్ఞానానికి పొలిమేర రాయి నాటాలి. దానిమీద "మనిషి తెలివి ఇంతవరకే, ఇట్లు ప్రచండవర్మ" అని చెక్కాలి. పక్కనే రాజుగారి కంచువిగ్రహం నిలబెట్టాలి. కంచు ఎక్కడిది? జ్ఞానం పూర్తయ్యాక యంత్రశాలతో పనేముంది? దాన్ని మూసేసి, అందులో ఉన్న సామాను కరిగించాలి!

యంత్రశాలకు పెద్ద కొండమ్మ. మాట పదును, చెయ్యి ఇంకా పదును. పళ్ళచక్రాలు ఒకదానికొకటి తగిలించి, పిడి తిప్పితే తనంతట తానే కూడికలు చేసే యంత్రం ఒకటి కట్టుకొస్తోంది. అంతా బాగానే ఉంది గాని, తొమ్మిదులన్నీ వరసగా నిలిచాక ఇంకొకటి కలిపితే అవన్నీ ఒక్క దెబ్బతో సున్నాలై, పక్క చక్రం మీద ఒకటి లేవాలి కదా? సరిగ్గా అక్కడ బిగుసుకుపోతోంది. ఇంతలో ఈ ఆజ్ఞ.

ఆమె తిన్నగా ముద్దన ఇంటికి వచ్చింది. ముద్దన కొలువులో చమత్కారి. రాజు నవ్వవలసినప్పుడు నవ్విస్తాడు, నవ్వకూడనప్పుడూ నవ్విస్తాడు.

"విన్నావా అన్నా? నా చక్రాలు కరిగించి ఆయనకు మీసాలు పోత పోస్తారట!"

"ఎన్ని చక్రాలు?"

"ఉన్నవన్నీ. ఆ మీసాలు నువ్వు చూళ్ళేదూ?"

ముద్దన నవ్వాపుకుని, "ఆ తొమ్మిదుల ముడి విప్పగలవా?" అన్నాడు.

"విప్పుతానో లేదో నాకే తెలీదు. అది తెలుసుకోవడానికే కదా ఈ పాట్లన్నీ! తెలీదని తేలిపోయిందనడానికి ఆ సోమయాజి ఎవరు?"

"ఆ మాట చాలు. వెళ్ళి నీ పని చూసుకో."

మర్నాడు ముద్దన రాజుముందు చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, జ్ఞానం పూర్తి కావడం మాటలా! రాయి నాటే ఉత్సవం నాకప్పగించండి. పద్ధతిలో లోపం రాకుండా జరిపిస్తాను." రాజు పొంగిపోయి ఒప్పుకున్నాడు.

ముహూర్తానికి మైదానం కిటకిటలాడింది. డప్పులు, సన్నాయిలు, ఒక పక్క రగులుతున్న కొలిమి, దాని దగ్గర బండిమీద కొండమ్మ చక్రాలు, చక్రాలమీద కొండమ్మ. దిగమంటే దిగలేదు. మోతగాళ్ళు రాయిని మోకులతో కర్రలకు వేలాడదీసి, భుజాలమీద మోసుకొచ్చి గుంట పక్కన నిలబడ్డారు.

ముద్దన గొంతెత్తాడు. "ఇవతలి పక్షం!"

సోమయాజి ఠీవిగా వచ్చి రాయిమీద చెయ్యి వేశాడు.

"అవతలి పక్షం!"

ఎవరూ కదల్లేదు. డప్పులు ఆగాయి.

"అవతలి పక్షం ఎవరయ్యా?" అన్నాడు రాజు.

"నాకేం తెలుసు ప్రభూ? తమ శాసనమే కదా, ఒంటిచేత్తో నాటిన రాయి చెల్లదని."

"అది ఊళ్ళ రాళ్ళకు! దీనికి వర్తించదు."

గుంపులోంచి మొగలిపాడు పెద్దకాపు కేకేశాడు. "అయితే మా రాయి కూడా మేమే నాటేసుకోవచ్చా దొరా?"

"నాటి చూడు, నీ రాయి నీ నెత్తిన పెడతాం!" అన్నారు ఈతలూరివాళ్ళు. అప్పటికే కర్రలు పైకి లేచాయి.

రాజు గాభరాపడి, "వర్తిస్తుంది! ఏ రాయికైనా వర్తిస్తుంది!" అన్నాడు. కర్రలు దిగాయి.

సోమయాజికి ఒళ్ళు మండింది. "మూర్ఖుడా! అవతల మనుషులెవరుంటారు? అవతల ఉన్నది మనిషికి తెలియరానిది."

"ఉన్నదని ఎవరు చూసొచ్చారు స్వామీ? ఆయన్ని పిలవండి, చెయ్యి వేయిస్తాం."

"చూసి రావడమేమిటి? నేనే బుద్ధితో గ్రహించాను. నక్షత్రాలకు వెనక ఏముందో మనిషికి తెలియదు."

"ఆహా! అయితే తమరి బుద్ధి నక్షత్రాల దాకా వెళ్ళి, వెనక ఏదో ఉందని అనుమానపడి వచ్చిందన్నమాట. అంతదూరం మన పొలమే కదా! ఒరేయ్, రాయి ముందుకు జరపండి!"

మోతగాళ్ళు "హైలెస్సా" అని నాలుగడుగులు నడిచారు.

"ఆగండి! నక్షత్రాలు కాదు, కాలం. కాలం ఎక్కడ మొదలైందో..."

"ఆ ప్రశ్న పుట్టింది మీ బుర్రలోనేనా స్వామీ? ప్రశ్న నాటినచోట పొలం మనదే. జరపండర్రా!"

సోమయాజి వాదించేకొద్దీ రాయి నడిచింది. మనసు ఎలా ఆలోచిస్తుందో మనసుకు తెలియదన్నాడు, రాయి నడిచింది. అణువును కోస్తే ఏముంటుందో తెలియదన్నాడు, రాయి ఇంకా నడిచింది. వెనక జనం, వాళ్ళ వెనక సన్నాయిలు, అందరినీ తోసుకుంటూ రాజు! మైదానం దాటారు, బజారు దాటారు. చివరికి మోతగాళ్ళలో పెద్దవాడు ఏడుపుగొంతుతో అరిచాడు.

"స్వామీ, మీకు దణ్ణం పెడతాం! కాసేపు ఆలోచించడం మానండి! భుజాలు ఊడిపోతున్నాయి!"

ఆ మాటకు రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మోతగాళ్ళు కూడా ఉండబట్టలేక నవ్వేసరికి రాయి జారి దబ్బున పడింది. చూస్తే అది యంత్రశాల వాకిలి.

సోమయాజి చెమట తుడుచుకుని, "అయితే మనిషి తెలివికి హద్దే లేదంటావా ముద్దనా?" అన్నాడు. ఈసారి గొంతులో నిజంగా అడుగుతున్న ధ్వని ఉంది.

"ఏమో స్వామీ! ఉందేమో. ఉంటే అవతలినుంచి ఎవరో ఒకరు వచ్చి చెయ్యి వేసేదాకా మాత్రం రాయి నాటలేం."

రాజు తన ముత్యాలహారం తీసి ముద్దన మెడలో వేశాడు. "నీకు ఇంకేం కావాలి?"

"తమ మీసాలు ప్రభూ."

రాజు చెయ్యి గబుక్కున మూతిమీదికి వెళ్ళింది.

"పోత పోయవలసిన మీసాలు ప్రభూ! ఆ కంచు కొండమ్మకు ఇప్పించండి."

రాజు మళ్ళీ నవ్వి, కొలిమి ఆర్పించాడు. బండి వెనక్కి తిరిగింది. రాయి మాత్రం యంత్రశాల వాకిట్లో నాటకుండానే ఉంది. కొత్త సంగతి ఏది తెలిసినా దాన్ని నాలుగడుగులు ముందుకు జరపాలని రాజు కొత్త శాసనం వేయించాడు.

కొన్నాళ్ళకు రాజు సోమయాజిని వెంటబెట్టుకుని అటు వచ్చాడు. మోతగాళ్ళు రాయి నీడన కూర్చుని సద్ది విప్పుకుంటున్నారు. లోపల కొండమ్మ చక్రాలమీద తొమ్మిదులు నిలబెట్టి, ఊపిరి బిగబట్టి పిడి తిప్పింది. టక్‌మంది. వెంటనే తొమ్మిదులన్నీ దొర్లి సున్నాలయ్యాయి. వాటి పక్కన, ఎవరూ పిలవకుండా, ఒకటి లేచి నిలబడింది.

కొండమ్మ కేక వీధి చివరిదాకా వినబడింది. సోమయాజి శాలువా జారిపోతున్నా చూసుకోకుండా లోపలికి పరుగెత్తాడు.

బయట మోతగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మళ్ళీనా!" అని మూలుగుతూ సద్దిమూటలు కట్టేసి, తలపాగాలు భుజాలకు వేసుకుని, రాయి దగ్గరికి నడిచారు.