వాగవతలి విందు

మేడిచెర్లను ఏలే రణధీర భూపతికి ఒకరోజు ఉన్నట్టుండి తన రాజ్యంలో న్యాయం ఎలా ఉందో తెలుసుకోవాలనిపించింది. పరిశోధించి చెప్పమని ఆస్థాన పండితుడైన విరూపాక్ష శాస్త్రికి పురమాయించాడు.

శాస్త్రి ఉత్తరీయం సర్దుకుంటూ సభకొచ్చాడు.

"ప్రభూ, మన న్యాయస్థానం తలుపులు అందరికీ ఒకేలా తెరిచి ఉన్నాయి. వాగవతలి నేతపేట నుంచి వానలు మొదలైనప్పట్నుంచీ ఒక్క ఫిర్యాదూ రాలేదు. అంటే అక్కడివాళ్లకి ఏ లోటూ లేదు."

రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. వాగు మీద వంతెనకని తెప్పించిన రాళ్లతో కోట ముందు ధర్మతోరణం కట్టించి, దాని మీద శాస్త్రి పేరు చెక్కించమన్నాడు.

విదూషకుడు తిప్పన్న గబుక్కున ముందుకొచ్చాడు. నేతపేట ఆ వంతెన కోసం ఏళ్లుగా ఎదురుచూస్తోంది.

"శాస్త్రిగారికి విందు చేద్దాం ప్రభూ, ఆ సుఖపడే నేతపేటలోనే," అన్నాడు. శాస్త్రితో మాత్రం, "ముఖ్య అతిథి ఆఖర్న వస్తేనే హుందా," అని చెవిలో ఊదాడు.

మర్నాడు వాగు పొంగింది. రాజూ సభికులూ ఏనుగులెక్కి దాటారు. దాటగానే తిప్పన్న ఆ ఏనుగుల్ని చెరకు తోటకి తోలించేశాడు.

శాస్త్రి పల్లకీలో తీరిగ్గా వచ్చాడు. బోయీలు నీళ్లు చూసి పల్లకీ దించేశారు. అవతల గారెలు వేగుతున్నాయి. ఆ వాసనకి శాస్త్రి గట్టు వెంట అటూ ఇటూ గంతులేశాడు. పంచె ఎగ్గట్టి ఒక కాలు నీళ్లలో పెట్టి, కెవ్వుమని వెనక్కి లాక్కున్నాడు. చేతులూపుతూ ఏదో అరిచాడు. వాగు హోరులో ఒక్క ముక్కా వినపడలేదు.

"శాస్త్రిగారు రారేం?" అన్నాడు రాజు.

తిప్పన్న పులిహోర ముద్ద చేసుకుంటూ తాపీగా అన్నాడు:

"ఆయనకి ఆకలి లేదు ప్రభూ. విస్తరి అందరికీ ఒకేలా వేశాం. రాలేదంటే ఏ లోటూ లేదన్నమాటేగా."

రాజు చేతిలో గారె నోటిదాకా వెళ్లి ఆగింది. వడ్డిస్తున్న నరసమ్మ ఆ పేట మనిషే. ఆమె వైపు తిరిగాడు.

"మీకు ఫిర్యాదులున్నాయా అమ్మా?"

"లేకేం దొరా. వాగు తగ్గేలోగా సగం మర్చిపోతాం. మిగతా సగం అలవాటైపోతాయి."

రాజు మొహం చిన్నబోయింది. అంతలో అవతల శాస్త్రి పల్లకీ పైకెక్కి, వాసన వచ్చే వైపు ముక్కు సాచి నిలబడటం కనిపించింది. రాజుకి నవ్వాగలేదు. పంక్తి పంక్తంతా పడీ పడీ నవ్వింది.

రాజు తన భుజకీర్తి తీసి తిప్పన్నకి తొడిగాడు. వంతెన లేచేదాకా న్యాయాధికారి వారం విడిచి వారం నేతపేటలోనే కూర్చోవాలన్నాడు. శాస్త్రి కోసం ఏనుగుని పంపాడు.

"తోరణం ఎప్పుడు మొదలెడదాం శాస్త్రిగారూ?" అన్నాడు తిప్పన్న.

"ముందు వంతెన కట్టండి నాయనా," అన్నాడు శాస్త్రి, రెండు బుగ్గల్లోనూ గారెలు కుక్కుకుని.